తలకు దెబ్బ తగిలితే తీర్పు ఎవరిది?

2014 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్లో జర్మనీ ఆటగాడు క్రిస్టఫ్ క్రామర్ తలకు గట్టి దెబ్బ తగిలింది. ఇది ఫైనలేనా అని రిఫరీని అడిగేంత అయోమయంలో ఉండి కూడా అతను సుమారు పావుగంట ఆడాడు. అదే టోర్నీలో స్పృహ తప్పిన ఉరుగ్వే ఆటగాడు అల్వారో పెరీరా, డాక్టర్ వద్దంటున్నా మళ్లీ మైదానంలోకి దిగాడు. తలకు దెబ్బ తగిలిన ఆటగాడి బదులు అదనంగా మరొకరిని దించే కన్‌కషన్ సబ్‌స్టిట్యూట్ నిబంధన ప్రయోగాత్మకంగా వచ్చాక, 2022 ఖతార్ ప్రపంచకప్‌లోనూ ఇరాన్ గోల్‌కీపర్ బెయిరన్‌వంద్ దెబ్బ తిన్నాక కాసేపు ఆటలోనే కొనసాగాడు. నిబంధన కాగితం మీద ఉన్నంత మాత్రాన ఆటగాడికి రక్షణ దొరకదని దీన్నిబట్టే తెలుస్తోంది.

2024లో ఈ నిబంధన ఆట చట్టాల్లో చేరినా, అమలు చేయాలా వద్దా అన్నది టోర్నీ నిర్వాహకుల ఇష్టానికే వదిలేశారు. దాంతో ఒకే గాయానికి ఒక్కో టోర్నీలో ఒక్కో న్యాయం. పైగా ఆటగాణ్ని పరీక్షించేది గెలుపు కోరే జట్టు డాక్టరే. రగ్బీలో మాదిరిగా పరీక్ష పూర్తయ్యేవరకు తాత్కాలిక మార్పుకు అనుమతిస్తే జట్లు దాన్ని ఎత్తుగడగా వాడుకుంటాయని కొందరి వాదన. ఆ భయం సహేతుకమే. కానీ మైదానం పక్కన స్వతంత్ర వైద్యుడుండి, తుది మాట ఆయనదే అయితే ఆ అవకాశం చాలావరకు తగ్గుతుంది. ఈ ఏర్పాటును ప్రతి ప్రొఫెషనల్ పోటీలోనూ తప్పనిసరి చేయాలి. ఆటగాడి మెదడు కన్నా ఏ కప్పూ విలువైనది కాదు.