నీళ్ళతో కరెంటు అంటూ వస్తే అడ్వాన్సు ఇవ్వకండి

పోయిన నెల మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలో అడవి అంచున ఉన్న ఒక పల్లెకు పోయాను. పోడు పట్టాలు చేతికొచ్చినా కరెంటు స్తంభం మాత్రం రాని చెలకలు అవి. చింతచెట్టు కింద నలభై మంది గుమిగూడి ఉన్నారు. మధ్యలో ట్రాలీ ఆటో, దాని మీద నీలం రంగు వేసిన ఇనుప మిషను. ఒక చిన్న మోటారు, బెల్టు, బండి చక్రమంత గిర్రున తిరిగే బరువు చక్రం, అవతల కరెంటు పుట్టించే డైనమో. పక్కన ప్లాస్టిక్ డబ్బాలో లీటరు నీళ్ళు. పది బల్బులు వెలుగుతున్నాయి.

"డీజిల్ వద్దు, లైను వద్దు, ఎండ కూడా వద్దు. డబ్బాలో నీళ్ళు పోస్తే చాలు. అమెరికాలో దీన్ని కోల్డ్ ఫ్యూజన్ అంటరు. పెద్ద కంపెనీలు తొక్కిపెట్టినయి" అని తెచ్చినాయన చెబుతున్నాడు. ధర 85 వేలు. ముందు 10 వేలు కడితే మూడు నెలల్లో మిషను ఇంటికొస్తుందట. నేను చూస్తుండగానే ముగ్గురు కట్టారు. పత్తి అమ్మిన పైసలు.

ఒక పెద్దమ్మ నా దగ్గరికొచ్చి, "సారూ, నువ్వు పేపరాయనవు గదా, గిది నిజమేనా? నాకు రెండెకరాలుంది, బోరు ఏసిన, నీళ్ళు పడ్డయి, గుంజే దారి లేదు" అంది. అప్పటికప్పుడు నాకు జవాబు రాలేదు. ఇంటర్‌తో చదువు ఆపినవాణ్ణి, ఫిజిక్సులో పాసు మార్కులు దాటినవాణ్ణి కాదు. తర్వాత జనగామలో తెలిసిన ఫిజిక్సు లెక్చరరు దగ్గర రెండు ఆదివారాలు కూర్చుని అడిగి తెలుసుకున్నాను. ఆ పెద్దమ్మకు ఆనాడు చెప్పలేనిది ఈ వారం మీ అందరికీ రాస్తున్నాను.

ముందు ఆ మిషను లెక్క చూద్దాం. పది బల్బులు, ఒక్కోటి 9 వాట్లు. మొత్తం 90 వాట్లు. ట్రాక్టరుకు పెట్టే లాంటి 12 వోల్టుల, 150 ఆంపియర్ల బ్యాటరీ ఒకటి అడుగున రేకుల మధ్య దాచి పెడితే అందులో దాదాపు 1800 వాట్ అవర్ల కరెంటు ఉంటుంది. యూనిట్లలో చెబితే ఒకటి ముప్పావు యూనిట్లకు కాస్త పైన. ఆ పది బల్బులను పొద్దున పెడితే రాత్రి దాకా వెలిగించవచ్చు. అదే బ్యాటరీకి మీ 5 హెచ్‌పీ మోటారు తగిలిస్తే అరగంట కూడా నడవదు. 5 హెచ్‌పీ అంటే 3700 వాట్లు గదా. అందుకే వాళ్ళు బల్బులు చూపిస్తారు, బోరు మోటారు చూపించరు. బరువు చక్రం కూడా అంతే. ఒకసారి ఊపందుకుంటే కాసేపు తిరుగుతుంది, చూసేవాళ్ళకు దానంతటదే తిరుగుతున్నట్టు కనపడుతుంది. ఎద్దులను విప్పేసిన తర్వాత కూడా గానుగ ఒక చుట్టు తిరిగినట్టే.

మోటారు డైనమోను తిప్పుతుంది, డైనమో మళ్ళీ మోటారుకు కరెంటు ఇస్తుంది, మిగిలింది మనకు అంటారు. మన తాతలు మోట కొట్టారు. బావిలోంచి తోడిన నీళ్ళు కాలువలో పారి, అదే నీళ్ళు చక్రం తిప్పి, ఆ చక్రమే మళ్ళీ మోట గుంజుతుంది, ఎద్దులు అక్కర్లేదు అంటే మీ తాత నమ్మేవాడా? బెల్టు రాపిడికి కొంత, వైండింగు వేడికి కొంత పోతూనే ఉంటుంది. పోయేదే తప్ప కలిసొచ్చేది లేదు.

ఇక కోల్డ్ ఫ్యూజన్ అన్న మాట. ఇది ఉత్తగా పుట్టించిన మాట కాదు, దీనికి ఒక కథ ఉంది. ఆ కథ తెలియకపోతే మోసగాడి మాటే నిజమనిపిస్తుంది.

సూర్యుడిలో హైడ్రోజన్ అణువుల గుండెకాయలు ఒకదానితో ఒకటి అతుక్కుని వేడి పుట్టిస్తున్నాయి. అక్కడ నడిబొడ్డున కోటిన్నర డిగ్రీల వేడి ఉంటుంది గనుక అతుక్కుంటాయి. 1989 మార్చి 23న అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ ఫ్లైష్‌మన్, స్టాన్లీ పాన్స్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు, అంత వేడి లేకుండానే గాజు పాత్రలో ఆ పని జరిగిందని ప్రకటించారు. పల్లాడియం అనే ఖరీదైన లోహం కడ్డీని భారజలంలో ముంచి కరెంటు పంపితే, పెట్టినదానికన్నా ఎక్కువ వేడి వచ్చిందన్నారు. ప్రపంచమంతా అదిరిపోయింది. బొగ్గు, పెట్రోలు పీడ వదిలినట్టేనని పేపర్లు రాశాయి.

ఈ భారజలం మనకు కొత్తది కాదు. భూపాలపల్లి వాళ్ళకు, మహబూబాబాద్ వాళ్ళకు పక్కనే, గోదావరి ఒడ్డున మణుగూరు దగ్గర అశ్వాపురంలో భారజల కర్మాగారం ఉంది. 1991 నుంచి నడుస్తోంది. మామూలు నీళ్ళలోని హైడ్రోజన్‌లో ఏడు వేలకు ఒకటి లెక్కన బరువు హైడ్రోజన్ ఉంటుంది, దాన్ని వేరు చేసి తీస్తారు. అణు విద్యుత్ కేంద్రాలకు పంపుతారు. చూడటానికి నీళ్ళలాగే ఉంటుంది. అందులో దాచిన మంత్రం ఏమీ లేదు. బోరు నీళ్ళలో పొట్లం మందు కలిపితే భారజలం అవదు, అంత సులువైతే అంత పెద్ద ఫ్యాక్టరీ ఎందుకు కడతారు?

మన దేశం కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. బొంబాయిలోని భాభా అణు పరిశోధన కేంద్రానికి అప్పుడు డైరెక్టరుగా ఉన్న పి.కె. అయ్యంగార్, ఆయనతోపాటు ఎం. శ్రీనివాసన్, ఇంకా అనేక బృందాలు అదే సంవత్సరం ఈ ప్రయోగం చేశాయి. న్యూట్రాన్లు, ట్రిటియం కనపడ్డాయని 1989 చివర నివేదిక కూడా ఇచ్చారు. కానీ ఒకసారి వచ్చింది ఇంకోసారి రాలేదు. పేరున్న ఇతర దేశాల ప్రయోగశాలల్లోనూ ఇదే గోల. అదే ఏడాది నవంబరులో అమెరికా ఇంధన శాఖ కమిటీ నమ్మదగిన రుజువు లేదని తేల్చింది. ఫ్లైష్‌మన్, పాన్స్ ఫ్రాన్సుకు వెళ్ళి మరికొన్నాళ్ళు పని చేశారు, 1998లో ఆ ల్యాబు కూడా మూతపడింది. జపాను ప్రభుత్వం కొన్నేళ్ళు డబ్బు పెట్టి 1997లో ఆపేసింది.

అయినా కొందరు పట్టు వదలలేదు. 2011 ఫిబ్రవరిలో మన పక్కన చెన్నైలోనే ఈ శాస్త్రవేత్తల అంతర్జాతీయ సదస్సు జరిగింది. 2015లో గూగుల్ కంపెనీ డబ్బిచ్చి ముప్పై మంది దాకా శాస్త్రవేత్తల చేత మళ్ళీ జాగ్రత్తగా చేయించింది. 2019లో ఫలితం బయటపెట్టారు. ఏమీ దొరకలేదు. 2025 ఆగస్టులో కెనడా శాస్త్రవేత్తలు చిన్న యంత్రంతో ఫ్యూజన్ సంఘటనలు సుమారు 15 శాతం పెంచగలిగారు, అది నిజమైన ముందడుగే. అయితే పెట్టిన కరెంటులో కోట్లో వంతు కూడా తిరిగి రాలేదు. ఆ మాట వాళ్ళే చెప్పుకున్నారు.

నాకు నచ్చింది ఇదే. ముప్పై ఆరేళ్ళుగా ఇంత చదువుకున్నవాళ్ళు, ఇన్ని కోట్లు ఖర్చు పెట్టి, ఒక్క బల్బు వెలిగించలేకపోయామని ఒప్పుకుంటున్నారు. చింతచెట్టు కింద ట్రాలీ ఆటో ఎక్కినాయనకు మాత్రం అయిపోయింది, 85 వేలకు అమ్ముతున్నాడు!

భూపాలపల్లి సోదరులు ఇంకో సంగతి గమనించాలి. చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం 1100 మెగావాట్లది. ఒక యూనిట్ కరెంటుకు ముప్పావు కిలోకు కాస్త అటూ ఇటూగా బొగ్గు కాలుతుంది. మీ 5 హెచ్‌పీ మోటారు ఏడు గంటలు నడిస్తే 26 యూనిట్లు, అంటే 18 కిలోలకు తక్కువ కాకుండా బొగ్గు. లీటరు నీళ్ళతో ఈ పని అయ్యేదుంటే సింగరేణి కార్మికుడు రోజూ బాయిలోకి దిగి ప్రాణాలకు తెగించాల్సిన పనేముంది?

ఇట్లా రాస్తుంటే నన్ను నేను పెద్ద తెలివైనవాడిగా చెప్పుకుంటున్నాననుకోకండి. నేను కూడా మోసపోయాను, ఇంకా చెప్పాలంటే ఇతరులను మోసపోయేలా చేశాను. 2006 ప్రాంతంలో నేను కొత్తగా వార్తలు రాసే రోజుల్లో అడవి ఆముదం జోరు మీద ఉంది. జట్రోఫా అనేవారు. 2003లో ప్లానింగ్ కమిషన్ కమిటీ దేశమంతా లక్షల హెక్టార్లలో వేయాలని చెప్పింది. నీళ్ళు అక్కర్లేదు, మేకలు ముట్టవు, గింజ పిండితే డీజిల్ అన్నారు. "చెలకల్లో డీజిల్ పంట" అని హెడ్డింగు పెట్టి రాసింది నేనే. బచ్చన్నపేట వైపు ఒక రైతు ఆ పేపరు ముక్క కత్తిరించి దాచుకుని రెండెకరాల్లో పెట్టాడు. మొక్క బతికింది నిజమే. కానీ నీళ్ళు లేని చోట గింజ కాయలేదు, కాసిన కాస్తకూ కొనేవాడు రాలేదు. నాలుగో ఏడు పీకేశాడు. ఇప్పటికీ జనగామ బస్టాండులో ఎదురైతే "ఏం సారూ, డీజిల్ పంట ఎట్లున్నది?" అంటాడు. నవ్వుతూనే అంటాడు, నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాదు. ఆనాడు నేను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఎవరి చేనులో, ఎన్ని కిలోలు, ఎవరు తూచారు? అడగలేదు.

అదే కాలంలో ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో గోండు మహిళలు కానుగ గింజలతో చేసిన పని చూడండి. చెట్లు అడవిలో ముందే ఉన్నాయి, గానుగ మిషను పెట్టుకున్నారు, నూనె తీశారు. ఆ నూనె వాడితే డీజిల్ పొగ ఎంత తగ్గుతుందో లెక్క కట్టి, 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు ఇచ్చింది. చిన్న మొత్తమే. కానీ తూచి లెక్క చెప్పింది, చేతికొచ్చింది.

పల్లెల్లో మిషన్లు చేసేవాళ్ళను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. జనగామ పక్కనే ఆలేరులో చింతకింది మల్లేశం ఉన్నారు. ఆరో తరగతితో బడి మానేశారు. ఆసు పోసి పోసి తల్లి భుజం నొప్పి పడుతుంటే చూడలేక ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసు మిషను పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మిషనుకు కరెంటు కావాలి, ఆ మాట ఆయన దాచలేదు. చీర మీద పని కనపడుతుంది, ఎవరైనా పోయి చూసుకోవచ్చు. రహస్యం, ఫార్ములా, తెరిస్తే పేలుతుంది అనే మాటలు లేవు.

నేను అడిగేది ప్రభుత్వాన్ని, చదువుకున్నవాళ్ళను. వరంగల్‌లో ఎన్.ఐ.టి. ఉంది, 1959 నుంచి ఉన్న కాలేజీ. నెలకు ఒక్కరోజు, పల్లెల నుంచి వచ్చే ఇలాంటి మిషన్లను మీటరు పెట్టి ఉచితంగా పరీక్షించి, ఎంత పోయింది ఎంత వచ్చింది అని కాగితం మీద రాసిస్తే ఎంత మేలు! నిజమైన మెకానిక్కుకు ఆ కాగితమే పెట్టుబడి అవుతుంది. దొంగ ఆ గడప తొక్కడు. విత్తనాలకు పరీక్ష ఉంది, ఎరువులకు ఉంది, 85 వేల మిషనుకు ఎందుకు ఉండకూడదు?

అది వచ్చేదాకా మీరే పరీక్ష పెట్టండి. మిషను అమ్మేవాడు వస్తే, "అన్నా, మా 5 హెచ్‌పీ మోటారుకు తగిలించి రేపు పొద్దుటి దాకా నడిపించు, ఊరంతా కావలి ఉంటం, అడుగు రేకు విప్పి చూపించు, నడిస్తే మొత్తం పైకం ఒక్కసారే ఇస్తం" అనండి. అడ్వాన్సు అనే మాటకు మాత్రం ఒప్పుకోవద్దు.

లైను లేని పోడు రైతులకు నిజంగా దారి సోలార్ పంపే. అటవీ హక్కు పట్టాలున్న గిరిజన రైతుల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2025 మేలో ఇందిర సౌర గిరి జల వికాసం ప్రారంభించింది. పట్టా కాగితం, ఆధార్ పట్టుకుని ఐ.టి.డి.ఎ. ఆఫీసులో పేరు ఉందో లేదో అడగండి, లేకపోతే దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. నాలుగైదు పశువులున్న ఇంటికి రోజుకు 50 కిలోల పేడ వస్తుంది, రెండు ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటుకు అది సరిపోతుంది. వంట నడుస్తుంది, బయటికొచ్చే ముద్ద చేనుకు ఎరువు. పాత ముచ్చటే, కానీ మన మూడు జిల్లాల్లో చాలాచోట్ల కట్టిన గుంతలు ఇప్పుడు చెత్తతో నిండి ఉన్నాయి. కట్టినప్పుడు ఉన్న శ్రద్ధ మరమ్మతులో లేకపోయింది. లైను ఉన్నవాళ్ళు 5 హెచ్‌పీ మోటారుకు 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరు పెట్టుకుంటే లో వోల్టేజీ బాధ కొంత తగ్గుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం దిగుతుంది. ఒక్కరు పెడితే లాభం తక్కువ, ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులంతా కలిసి పెట్టుకోవాలి.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ళు రసీదు, ఫోను నంబరు, ఆ రోజు తీసిన ఫొటోలు పారేయకండి. ఫోనులో పంపిన పైసలైతే ఆ మెసేజీ చెరిపేయకండి. ముందు మండల పోలీస్ స్టేషనులో రాసివ్వండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, తెలుగులో మాట్లాడొచ్చు. వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు సొమ్ముకు ఫీజు లేదు, రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయాలి. గూడూరు వైపు ఆ ముగ్గురిలో ఇద్దరు కాగితాలు సిద్ధం చేసుకున్నారు. మూడో ఆయన మాత్రం మూడు నెలలు ఇంకా నిండలేదు, చూద్దామంటున్నాడు.