కనుమ ఎక్కితే వచ్చే తెలుగు

"తెలుగు బడికీ సైకిలుకీ ఏమిటండీ సంబంధం?"

పిల్లల విహారయాత్రకి ఎప్పటిలా బస్సెక్కి వినోదాల పార్కుకి పోకుండా, ఈసారి సైకిళ్ళ మీద యార్క్‌షైర్ డేల్స్ కొండల్లోకి వెళదామని మేము ప్రతిపాదించినప్పుడు చాలామంది తల్లిదండ్రులు అడిగిన ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. ఆ రోజు సమావేశంలో జవాబు చెప్పేలోగా సమోసాలు చల్లారిపోతున్నాయని అందరూ లేచిపోయారు. అందుకని ఈ సంచికలో రెండు పేజీలు అడిగి తీసుకున్నాం.

మన పిల్లల వాచకంలో వాగు, ఏరు, ఊట, లోయ, కనుమ, గుట్ట, మిట్ట, పల్లం అనే మాటలున్నాయి. పిల్లలు వాటిని ముచ్చటగా రాస్తారు. డిక్టేషన్ చెబితే ఒత్తులు కూడా పొల్లుపోవు. కానీ వాగుకీ ఏటికీ తేడా ఏమిటని అడిగి చూడండి. "రెండూ రివరే కదా ఆంటీ" అంటారు. గుట్టా, మిట్టా, తిప్పా, కొండా అన్నీ వాళ్ళకి ఒకే 'హిల్'. ఇందులో పిల్లల దోషమేమీ లేదు. కారు వెనక సీట్లో కూర్చున్నవాడికి మిట్టయినా పల్లమయినా ఒకటే. పల్లం ఎక్కడ అయిపోయి మిట్ట ఎక్కడ మొదలయిందో సైకిలు తొక్కేవాడి మోకాళ్ళకి తెలుస్తుంది.

కిందటి వేసవిలో మేము అయిదు కుటుంబాల వాళ్ళం హాజ్ అనే ఊరి నుంచి బటర్‌టబ్స్ కనుమ దాటి మ్యూకర్ దాకా వెళ్ళాం. మొత్తం ఎనిమిది మైళ్ళకి అటూ ఇటూ ఉంటుంది. హాజ్ ఉన్న లోయ పేరు వెన్స్‌లీడేల్. అందులో పారే నది యూర్. తక్కిన లోయలు చాలావరకు తమ నది పేరే పెట్టుకున్నాయి. స్వేల్ నది పారేది స్వేల్‌డేల్, వార్ఫ్ నది పారేది వార్ఫ్‌డేల్. ఇది మాత్రం నదిని వదిలేసి వెన్స్‌లీ అనే చిన్న ఊరి పేరు పెట్టుకుంది. ఇక్కడి చీజు లోకప్రసిద్ధం. (జున్ను అని అనువదిస్తే మన ఇంటి జున్ను గుర్తొచ్చి నోరూరుతుంది గాని, రెండిటికీ చుట్టరికం పాల వరకే.)

ఊరు దాటి, నది మీద వంతెన దాటగానే ఎక్కుడు మొదలవుతుంది. కనుమ ఎత్తు 526 మీటర్లు. ఊళ్ళోంచి చూస్తే దాదాపు మూడు వందల మీటర్లు పైకి తొక్కాలి. రోడ్డుకి రెండు పక్కలా రాతి గోడలు. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చినవే. పైకి పోయేకొద్దీ గోడలు అయిపోయి గడ్డీ, గొర్రెలూ, గాలీ మిగులుతాయి. పైన రోడ్డు పక్కనే సున్నపురాతిలో లోతైన గోతులున్నాయి. సంతకి వెన్న మోసుకుపోయే రైతులు అలసిపోయి ఇక్కడ ఆగినప్పుడు, వెన్న కరగకుండా ఈ గోతుల్లోకి దించేవారట. అందుకే ఆ పేరు. 2014 జూలై 5న టూర్ ద ఫ్రాన్స్ మొదటి రోజు పోటీ లీడ్స్‌లో బయలుదేరి హారోగేట్ వెళుతూ ఈ కనుమ మీదుగానే పోయింది. ఆ పోటీ నాటి పాత వీడియోలు చూపించాకే మా పెద్దపిల్లలు రావడానికి ఒప్పుకున్నారు లెండి.

మాతో వచ్చిన ఒక పదకొండేళ్ళ బాబు ఎన్నోసార్లు పలక మీద రాసిన మాట 'ఎదురుగాలి'. కనుమ దగ్గర పడేసరికి గేర్లన్నీ అయిపోయాయి, సైకిలు కదలడం లేదు. "ఎందుకు ముందుకి పోవట్లేదు?" అని ఇంగ్లీషులో ఏడుపు ముఖం పెట్టాడు. "ఎదురుగాలి రా నాన్నా" అన్నారు వెనకనుంచి వాళ్ళ నాన్న. ఆ తరవాత మ్యూకర్ చేరేదాకా వాడు ఎవరు కనబడినా ఆ మాటే చెప్పాడు. ఇంక వాడికి ఆ మాట ఎవరూ నేర్పనక్కర లేదు.

దిగువన ఉన్న ఊళ్ళ సంగతి చెప్పాలి. మాకు అసలు ఆశ్చర్యం కలిగించింది అవే. సైకిలు మీద వెళ్ళేవాడు ఊరి పేరు రాసిన బోర్డు చదవగలడు, కావాలంటే ఆగి అడగగలడు. త్వేట్ అంటే చెట్లు కొట్టి చదును చేసిన నేల. కెల్డ్ అంటే ఊట. మ్యూకర్ అంటే సన్నని చేను. ఈ చుట్టుపక్కల వాగుని 'బెక్' అంటారు, కొండని 'ఫెల్' అంటారు, జలపాతాన్ని 'ఫోర్స్' అంటారు. ఇవేవీ పుట్టుకతో ఇంగ్లీషు మాటలు కావు. వెయ్యేళ్ళకి పైబడిన కాలంలో సముద్రం దాటి స్కాండినేవియా నుంచి వచ్చి ఇక్కడ గొర్రెలు మేపుకున్న వలసజనం మాటలు. వాళ్ళ భాష ఈ దేశంలో ఎవరూ మాట్లాడటం లేదు. కానీ వాళ్ళు నడిచిన చోటల్లా, నీళ్ళు తాగిన చోటల్లా వాళ్ళు పెట్టిన పేరు నిలిచిపోయింది. మనం కూడా వలస వచ్చినవాళ్ళమే కనుక ఈ ముక్క మాకు గట్టిగానే తగిలింది.

ఇక్కడి పేర్లు విప్పి చూశాక మన పేర్లు వాటంతటవే విచ్చుకుంటాయి. కొండపల్లి, చింతపల్లి, మామిడికుదురు అని మేము చెబుతూ ఉంటే పిల్లలు వాళ్ళ తాతగారి ఊళ్ళ పేర్లు తెచ్చి మా మీద పడేశారు. సగానికి మాకే జవాబు తెలియలేదు. ఆ రాత్రి ఇండియాకి చాలా ఫోన్లు వెళ్ళాయి.

గొర్రెల లెక్క ఇంకో తమాషా. ఈ లోయల్లో పూర్వం కాపరులు వన్, టూ అని లెక్కపెట్టేవారు కాదు. "యాన్, టాన్, టెథర్, మెథర్, పిప్" అనేవారు. ఇవి వెల్ష్ అంకెలకి దగ్గరి చుట్టాలు. ఇది వినగానే మాతో వచ్చిన ఒక తాతగారు సైకిలు దిగకుండానే, మన పల్లెల్లో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా 'లాభం' అనేవారనీ, 'ఏడు' అంటే ఏడుపు గుర్తొస్తుందని 'ఆరున్నొకటి' అనేవారనీ చెప్పుకొచ్చారు. తిరుగు ప్రయాణంలో పిల్లలు లోయ పొడుగునా గొర్రెలని లాభం నుంచి లెక్కపెట్టారు. పొలాల మధ్య రాతి కొట్టాలు కనిపిస్తాయి. కింద పశువులకి చలికాలం నీడ, పైన గడ్డి దాచుకునే అటక. దాని ముందు నిలబడి ఆయనే పనకీ, మోపుకీ, వాముకీ తేడా చెప్పారు. ఆర్నెల్లు ఇక్కడుండి టీవీ ముందు కూర్చుని వెళ్ళిపోయే మన పెద్దవాళ్ళకి చెప్పే అవకాశం ఎవరు ఇస్తున్నారు?

అయితే మనం సైకిలు ఎందుకు ఎక్కం? మా అభిప్రాయం చెబుతాం, కోపం తెచ్చుకోకండి. మన తరానికి సైకిలు అంటే పేదరికం. పోస్టుమాన్, పాలవాడు, బడిపంతులు తొక్కేది సైకిలు. చిన్నప్పుడు గంటకింత అని అద్దెకి తెచ్చుకుని, బారు కిందినుంచి కాలు దూర్చి నేర్చుకున్న సంబరం అందరికీ ఉంది. కానీ ఉద్యోగం రాగానే స్కూటరు కొన్నాం, తరవాత కారు కొన్నాం. సైకిలు దిగడమే మన దృష్టిలో ఎదగడం. ఇక్కడ బ్యాంకు మేనేజరూ, డాక్టరూ ఆదివారం పూట బురద కొట్టుకుపోయి కొండలెక్కుతుంటే "వీళ్ళకి పనీపాటా లేదు" అనుకుని కారు అద్దాలు ఎక్కించుకుంటాం.

రెండో కారణం ఇంకొంచెం లోతైనది. ఆ పల్లెలు 'వాళ్ళవి' అని మనం అనుకుంటాం. నగరాల శివార్లు మనవి, గుళ్ళూ హాళ్ళూ షాపులూ మనవి. ఆ లోయలూ, ఆ టీ దుకాణాలూ ఇంకెవరివో. మా ప్రయాణంలో రోజంతా మాలాంటి ముఖం ఇంకొకటి కనబడలేదు. ఎవరయినా ఏమయినా అన్నారా అంటే, లేదు. ఒకరిద్దరు తేరిపార చూశారు, ఎక్కువమంది పంపు కావాలా అని అడిగారు. ఇక్కడే పుట్టిన పిల్లలకి ఈ నేల పరాయిదన్న సంకోచం పుట్టుకతో రాదు. మన దగ్గర చూసే నేర్చుకుంటున్నారు. తెలుగు బడి గోడల మధ్య తెలుగు, బయటంతా ఇంగ్లీషు అని గీత గీస్తే ఆ తెలుగు హోమ్‌వర్కుతోనే ఆగిపోతుంది.

అభ్యంతరాలు విన్నాం. ప్రమాదం అన్నారు. నిజమే, దిగుడు ఎక్కుడు కన్నా ప్రమాదం. బ్రేకులు తనిఖీ చేయని సైకిలుని రానివ్వం. చట్టం అడగకపోయినా హెల్మెట్ లేనిదే ఎవరినీ కదలనివ్వం. కొండ రోడ్ల మీద పశువులు దాటకుండా అడ్డంగా ఇనుప కడ్డీలు పరిచి ఉంటాయి. తడిగా ఉన్నప్పుడు వాటి మీద హ్యాండిల్ తిప్పకూడదని ముందే నేర్పుతాం. చాలా స్కూళ్ళలో బైకబిలిటీ శిక్షణ ఉంది, అది పూర్తి చేసిన పిల్లలనే పెద్ద బృందంలోకి తీసుకుంటాం. ఖర్చు అన్నారు. పార్కు టిక్కెట్టు కన్నా పాత సైకిలు బాగుచేయించడం చవక. వాన అన్నారు. దానికి మా దగ్గర జవాబు లేదు, తడుస్తాం. జల్లు, తుంపర, ముసురు అనే మూడు మాటలూ ఒక్క పూటలో వచ్చేస్తాయి.

అందరూ కనుమ ఎక్కాలని లేదు. చిన్నపిల్లలూ, మోకాళ్ళ నొప్పుల వాళ్ళూ హాజ్ నుంచి హార్డ్‌రా దాకా వెళ్ళి జలపాతం చూసి రావచ్చు. మైలున్నర దూరం, పెద్ద ఎక్కుడేమీ లేదు. వద్దనుకున్నవారు కారులో మ్యూకర్ వచ్చి కలవండి, ఆక్షేపణ లేదు.

జూన్ చివరి శనివారం అనుకుంటున్నాం. పదో తరగతి పరీక్షల బెడద అప్పటికి తీరుతుంది. మ్యూకర్ గడ్డి పొలాల నిండా పూలుండేది కూడా అప్పుడే, జూలైలో కోసేస్తారు. బడి గుమ్మం దగ్గర పుస్తకం పెట్టాం, పేరూ పిల్లల వయసూ రాయండి. సైకిలు లేకపోతే పక్కన 'లేదు' అని రాస్తే మేము వెతికి పెడతాం. పంక్చరు వేయడం వచ్చినవాళ్ళు ఇద్దరు కావాలి. పులిహోరకి ఇప్పటికే ఏడుగురు, క్షమించాలి, ఆరున్నొక్కరు పేర్లిచ్చారు, ఇక చాలు.