చెప్పవలసినవారు చెబితే

ఏటా జనవరి మాసం రాగానే మన పట్టణాలలో ఒక దృశ్యం కనిపిస్తుంది. రహదారి భద్రతా మాసోత్సవాల సందర్భంగా ముఖ్య కూడలి నుండి మోటారు సైకిళ్ళ ర్యాలీ ఒకటి బయలుదేరుతుంది. అధికారి ఒకరు పచ్చజెండా ఊపుతారు. ముందు వరుసలోనివారి తలలపై కొత్త హెల్మెట్లు మెరుస్తుంటాయి. వరుసలు వెనక్కి పోయేకొద్దీ అవి పలుచబడతాయి. చివరి బండ్ల మీద ముగ్గురేసి కూర్చొని, బ్యానరు పట్టుకొని, భద్రతను గురించి నినాదాలిస్తూ సాగిపోతారు. మరునాడు పత్రికలో ఛాయాచిత్రం వస్తుంది. ఆ పై రోజు నుండి కూడలి తన పాత అలవాటులో పడిపోతుంది.

ర్యాలీలను ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. వాటిలో పాల్గొనే యువకులలో చాలామంది మంచి మనసుతోనే వస్తారు. నా వాదన మరొకటి. మోటారు సైకిలు మీది మక్కువతో ఒకచోట చేరిన యువకుల క్లబ్బులు ఇప్పుడు చిన్న పట్టణాలలో కూడా ఏర్పడుతున్నాయి. రహదారి భద్రత విషయంలో అవి పోలీసులకంటే, మావంటి అధ్యాపకులకంటే ఎక్కువ మేలు చేయగలవు. కాని ఆ మేలు ఊరేగింపుతో జరగదు. ఎవరూ ఛాయాచిత్రం తీయని పనులతో జరుగుతుంది.

ముందు సమస్య ఎంతటిదో చూద్దాం. కేంద్ర రవాణాశాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు. అంటే రోజుకు 460 మందికి పైగా! మృతులలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారు. హెల్మెట్ ధరించనందున మరణించినవారిగా ఆ నివేదిక లెక్కించినది 50,029 మందిని. అందులో 14,337 మంది బండి నడిపినవారు కారు, వెనుక కూర్చున్నవారు. హెల్మెట్ ఉంటే వీరందరూ బ్రతికేవారని ఎవరూ అనలేరు. అయితే అనేక అధ్యయనాలను పరిశీలించి 2008లో వెలువడిన ఒక సమీక్ష, హెల్మెట్ మరణావకాశాన్ని 42 శాతం, తలకు గాయమయ్యే అవకాశాన్ని 69 శాతం తగ్గిస్తుందని తేల్చింది. ఇంతటి రక్షణ మరి ఏ వస్తువు ఇస్తుంది?

హెల్మెట్ చరిత్రలో ఒక విషాదగాథ ఉంది. 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా ప్రసిద్ధికెక్కిన టి.ఇ. లారెన్స్‌కు మోటారు సైకిలంటే ప్రాణం. 1935 మే 13న ఇంగ్లండులోని డార్సెట్ ప్రాంతంలో తన ఇంటికి సమీపంలోనే, సైకిళ్ళపై పోతున్న ఇద్దరు బాలురను తప్పించబోయి ఆయన బండి మీద నుండి పడిపోయాడు. తలకు తీవ్రమైన గాయమైంది. ఆరు రోజుల తరువాత, మే 19న, స్పృహ రాకుండానే మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 46 ఏళ్ళు. ఆయనకు చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే నాడీ శస్త్రవైద్యుడు ఒకరు. ఆ మరణం కెయిర్న్స్‌ను వదలలేదు. మోటారు సైకిలు నడిపేవారికి తగిలే తలగాయాలను ఆయన ఏళ్ళ తరబడి పరిశీలించాడు. రెండవ ప్రపంచయుద్ధానికి ముందు 21 నెలలలో బ్రిటన్‌లో 1,884 మంది మోటారు సైకిలు ప్రమాదాలలో చనిపోగా, యుద్ధం మొదలైన తరువాతి 21 నెలలలో ఆ సంఖ్య 2,279కి పెరిగిందని 1941లో ఒక వ్యాసంలో చూపించాడు. హెల్మెట్ ఆవశ్యకతను ఆ వ్యాసంలోనే నొక్కిచెప్పాడు. అదే సంవత్సరం నవంబరులో బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిలు చోదకులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. సామాన్య ప్రజలకు వర్తించే చట్టం మాత్రం 1973లో గాని రాలేదు. కెయిర్న్స్ 1952లోనే కన్నుమూశాడు. నిజం తెలియడానికీ, అది నలుగురి తలకు ఎక్కడానికీ మధ్య ముప్ఫైరెండేళ్ళు పట్టిందన్నమాట.

మన దేశంలో చట్టానికి కొరత లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. 2019 సవరణ ప్రకారం ధరించకపోతే వెయ్యి రూపాయల జరిమానా. మూడు నెలలు లైసెన్సు కోల్పోయే అవకాశం కూడా ఉంది. అయినా ఏం జరుగుతున్నది? హెల్మెట్ మోచేతికి వేలాడుతుంది, లేదా పెట్రోలు ట్యాంకు మీద కూర్చుంటుంది. పోలీసు కనబడగానే తలకెక్కుతుంది, మలుపు తిరగగానే దిగిపోతుంది. పెట్రోలు ట్యాంకుకు మెదడు ఉన్నదేమోనని నాకు అప్పుడప్పుడు అనుమానం కలుగుతుంది.

నవ్వుకోవడానికి ఇంతవరకే. నా వద్ద చదువుకున్న ఒక విద్యార్థి కొన్నేళ్ళ క్రితం సంక్రాంతి సెలవులకు ఊరికి పోతూ, బండి జారి పడి చనిపోయాడు. అతని హెల్మెట్ బండి అద్దానికి తగిలించి ఉంది. బండిని చూడబోయినప్పుడు దానిని నా చేతికిచ్చారు. దాని మీద ఒక్క గీత కూడా లేదు.

అతనికి హెల్మెట్ అవసరమని తెలియదా? తెలుసు. నేనే తరగతిలో రెండు మూడు పర్యాయాలు చెప్పాను. అప్పటి నుండి నేను ఆలోచిస్తున్నది ఒక్కటే. చెప్పిన మాట మంచిదే. చెప్పిన మనిషే సరిపోలేదు. తండ్రి చెబితే అది ప్రేమ. పోలీసు చెబితే జరిమానా. అధ్యాపకుడు చెబితే పాఠం. పదిహేడేళ్ళ కుర్రవాడికి వీటన్నిటికంటే పెద్ద భయం ఒకటుంది: తోటివారి కళ్ళకు పిరికివాడిలా కనిపించడం. ఆ భయాన్ని పోగొట్టగలిగినవాడు, ఆ కుర్రవాడు ఎవరి బండిని చూసి ఆశపడతాడో అతడే. లడఖ్ దాకా బండి నడిపి వచ్చిన యువకుడు టీ కొట్టు ముందు నుండి ఎదుటి వీధిలోని దుకాణానికి పోవడానికి కూడా గడ్డం కింద పట్టీ బిగించుకుంటే, అది వంద ఉపన్యాసాల పెట్టు.

క్లబ్బులపై ప్రజలకు ఫిర్యాదులు లేకపోలేదు. సైలెన్సర్లు మార్చి వీధులు దద్దరిల్లేటట్లు పోతారని, రాత్రివేళ పందేలు వేసుకుంటారని పెద్దలు అంటారు. కొందరి విషయంలో అది నిజమే. అటువంటివారు భద్రతను గురించి మాట్లాడితే నవ్వు వస్తుంది. అందుకే సేవ చేయదలచిన క్లబ్బు ముందుగా తన సభ్యులకే కట్టడి విధించుకోవాలి. ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో 1962లో కొందరు మోటారు సైకిలు స్వచ్ఛంద సేవకులు అత్యవసర వేళలలో ఆసుపత్రులకు రక్తం చేరవేసే పనికి పూనుకున్నారు. నేడు బ్రిటన్ అంతటా అటువంటి బృందాలు ఉన్నాయి. రాత్రులందు, సెలవు రోజులలో వారు రక్తాన్ని, పరీక్షా నమూనాలను, తల్లిపాలను జీతం లేకుండా ఒక ఆసుపత్రి నుండి మరొకదానికి చేరుస్తారు. నేను గమనింపదగినదిగా భావించేది వారి త్యాగాన్ని మాత్రమే కాదు. మామూలు లైసెన్సు ఉన్నంత మాత్రాన సాధారణంగా వారిలో ఎవరినీ ఆ పనికి తీసుకోరు. చోదక నైపుణ్యంలో ఉన్నత పరీక్ష ఉత్తీర్ణులు కావాలి. వేగంగా పోవడం కాదు, ఇంటికి తిరిగి రావడం వారికి నైపుణ్యం.

మన ఊళ్ళలో ఇటువంటి బృందాలకు పని వెదకనవసరం లేదు. కోతలు ముగిసిన రోజులలో పల్లె రోడ్డు మీద రాత్రిపూట బండి నడిపినవారికి తెలుసు. తారురోడ్డు సగభాగం మేర వడ్లు, మొక్కజొన్నలు ఆరబోసి ఉంటాయి. చుట్టూ రాళ్ళు పేర్చి, పైన నల్లని టార్పాలిన్లు కప్పుతారు. చీకటిలో ఆ రాయి కనబడేసరికే ముందు చక్రం దాని మీదికి ఎక్కుతుంది. రైతును నిందించి ప్రయోజనం లేదు. అతనికి ఆరబోసుకునే కళ్ళం లేదు. క్లబ్బువారు నలుగురు సాయంత్రం వెళ్ళి రాళ్ళకు బదులు ఇసుక సంచులు పెట్టించి, రెండు చివరలా మెరిసే పట్టీలు కట్టి రావచ్చు. అలాగే చెరకు ట్రాక్టర్లు. ట్రాలీలలో చాలావాటికి వెనుక దీపం ఉండదు. ఎర్రగా మెరిసే రెండు జానల పట్టీ అతికిస్తే వెనుక వచ్చే బండి దీపపు వెలుగులో అది దూరం నుండే కనిపిస్తుంది. దీనికయ్యే ఖర్చు ర్యాలీకి పోసే పెట్రోలు ఖర్చును మించదు.

మరొక పని ఇంతకంటే ముఖ్యమైనది. ప్రమాదం జరిగినచోట గుంపు చేరుతుంది కాని, గాయపడినవానిని ముట్టుకోవడానికి సందేహిస్తుంది. కేసు మెడకు చుట్టుకుంటుందని భయం. ఈ భయానికి ఇప్పుడు ఆధారం లేదు. గాయపడినవారికి తక్షణం వైద్యం అందించడం ప్రతి వైద్యుని విధి అని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది. సహాయం చేసినవారిని వేధించరాదన్న మార్గదర్శకాలకు 2016లో చట్టబద్ధత కల్పించింది. 2019 సవరణలో 134ఎ సెక్షన్ చేరింది. దీని ప్రకారం సద్బుద్ధితో సాయపడినవారిపై సివిలు, క్రిమినలు చర్యలు ఉండవు. వారు తమ పేరు చెప్పవలసిన నిర్బంధం కూడా లేదు. 108 అంబులెన్సు 2005 నుండి మనకు అందుబాటులో ఉన్నది. అది వచ్చేలోపు రక్తస్రావాన్ని శుభ్రమైన గుడ్డతో అదిమి ఆపడం, మెడను అటూ ఇటూ కదల్చకుండా చూడడం, గుంపును దూరంగా జరపడం – ఈ మూడు పనులు తెలిసిన పది మంది ప్రతి మండలంలో ఉంటే చాలు. రోడ్డుపై నిత్యం తిరిగే క్లబ్బు సభ్యులకంటే ఈ శిక్షణకు తగినవారెవరు?

వేగాన్ని గురించి ఒక్క మాట. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అడ్డం వచ్చిన గేదెను కన్ను చూసి, చేయి బ్రేకు పట్టేసరికి ఒక సెకను గడిచిపోతుంది. బండి ఆ 17 మీటర్లూ ముందుకు పోయిన తరువాతనే బ్రేకు పని మొదలవుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. భౌతికశాస్త్రం పుస్తకంలో ఈ సూత్రానికి మార్కులు తెచ్చుకున్నవారే దానిని రోడ్డు మీద మరచిపోతున్నారు.

ఈ పాఠం చదివేవారిలో ఎక్కువమందికి పదహారు, పదిహేడేళ్ళు ఉంటాయి. గేర్లున్న మోటారు సైకిలు నడపడానికి పద్దెనిమిదేళ్ళు నిండాలి. మైనరు నడిపి ప్రమాదం చేస్తే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చునని చట్టం చెబుతున్నది. కాబట్టి క్లబ్బులో చేరడం మీకు ఇప్పుడే సాధ్యం కాదు. కాని వెనుక కూర్చోవడానికి లైసెన్సు అక్కరలేదు. పైన చెప్పిన 14,337 మంది కూర్చున్నది అక్కడే.

మా కళాశాల గేటు వద్ద ఒక రోజు చూశాను. పెద్ద బండి మీద వచ్చిన యువకుడొకడు, తన వెనుక ఎక్కబోయిన మిత్రుణ్ణి ఆపి, "రెండో హెల్మెట్ లేదురా, ఎక్కవద్దు" అన్నాడు. మిత్రుడు బ్రతిమాలాడు, దగ్గరేగా అన్నాడు, చివరకు కోపగించుకున్నాడు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. బండివాడు మాత్రం పట్టీ బిగించుకొని ఒంటరిగానే పోయాడు. మిత్రుడు ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్ళాడు.