గ్రంథాలయం కంప్యూటర్లో మన పని ఎక్కడుంది?

ప్రజా గ్రంథాలయాల్లో కంప్యూటర్లు పెట్టామని ప్రభుత్వాలు గొప్పగా చెప్పుకుంటున్నాయి. సంతోషమే. కానీ తెర మీద మొదట కనిపించే ఆ మెనూను ఎవరి కోసం తయారు చేశారని మేము అడుగుతున్నాం.

బెంగళూరు, చెన్నై వీధులు ఊడ్చే కార్మికుల్లో తెలుగు మాట్లాడే దళితులు తరతరాలుగా ఉన్నారు. ఆ ఇళ్లలో చాలావాటికి ఒక్కటే ఫోను, అది నాన్నతో పాటు డ్యూటీకి పోతుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు బిడ్డ వెళ్లవలసింది గ్రంథాలయానికే, లేదంటే పేజీకింతని గుంజే నెట్ సెంటరుకు. గ్రంథాలయానికి వెళితే ఏం కనిపిస్తుంది? ఇంగ్లీషులో వరుసగా సాఫ్ట్‌వేర్ల పేర్లు. క్రోమ్ అంటే ఏమిటో, రైటర్ దేనికో తెలిసినవాడికే అది అర్థమవుతుంది. తెలిసినవాడికి మెనూతో పనేముంది?

మెనూలో ఉండవలసింది మనిషి పనులు. స్కాలర్‌షిప్ దరఖాస్తు, హాల్ టికెట్టు, ఉత్తరం రాయడం, రేషన్ కార్డు, ఇక్కడున్న పుస్తకాలు. ఎనిమిదో పదో చాలు. పాఠకుని సమయం ఆదా చేయాలని రంగనాథన్ 1931లోనే గ్రంథాలయ సూత్రాల్లో ఒకటిగా పెట్టారు. ఇచ్చే గంటలో సగం వెతుకులాటకే పోతే ఆ సూత్రం గోడ మీద రాసుకోవడానికేనా?

భాష సంగతి. కర్ణాటకలో కన్నడం, తమిళనాట తమిళం ముందుండాలి, అందులో మాకు పేచీ లేదు. పక్కన తెలుగు ఎందుకు ఉండకూడదు? యూనికోడ్‌లో 1991 నుండే తెలుగుకు చోటుంది, విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి ఫాంటు వచ్చింది. సిస్టంలో తెలుగు రాదనే మాట ఇక చెల్లదు. సిలువ మీది పలకను పిలాతు మూడు భాషల్లో రాయించాడు. జనం చదవాలని పాలకుడు అనుకుంటే భాషలు వాటంతటవే దొరుకుతాయి! అయితే కీర్తనను తమిళ లిపిలో రాసుకుని పాడే పిల్లలు మన సంఘాల్లోనే ఉన్నారు. వారికి తెలుగు అక్షరం ఒక్కటే చాలదు. బొమ్మ కావాలి, నొక్కితే వినిపించే మాట కావాలి.

"పిల్లలు సిస్టం పాడుచేస్తారు" అంటారు. ఏ పిల్లలు? మన పేట పేరు విన్నాకే ఈ భయం పుడుతుంది కొందరికి. పని ముగియగానే మార్పులన్నీ చెరిగి మొదటి స్థితికి వచ్చేలా అతిథి ఖాతా పెట్టవచ్చు. మెనూను ఒక వెబ్ పేజీగా రాసి, ఫైర్‌ఫాక్స్ కియోస్క్ పద్ధతిలో తెర నిండా తెరవవచ్చు. లైసెన్సుకు రూపాయి ఖర్చు లేదు. సెట్టింగులకు తాళం వేయండి, కాదనం. డౌన్‌లోడ్ వద్దు, పెన్‌డ్రైవ్ వద్దు, ప్రింటు వద్దు అంటే ఇక దరఖాస్తు పెట్టేదెలా?

నిజంగా భయపడవలసిన చోట మాత్రం ఎవరికీ భయం లేదు. దరఖాస్తు కోసం ఒక ఆడబిడ్డ ఆధార్ కాపీ, బ్యాంకు పాసుపుస్తకం, కులధ్రువపత్రం డౌన్‌లోడ్ చేసుకుంటుంది. లేచి వెళ్లిపోతుంది. ఆ ఫైళ్లు డౌన్‌లోడ్స్‌లోనే ఉంటాయి, మెయిల్ తెరిచే ఉంటుంది. తర్వాత కూర్చున్నవాడు ఆమె ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, కులం అన్నీ చదువుకోవచ్చు. అందుకే ప్రతి మెనూలో "నా పని అయిపోయింది" అనే పెద్ద గుర్తు ఒకటి ఉండాలి. నొక్కగానే ఫైళ్లు, పాస్‌వర్డులు, చూసిన పేజీల జాబితా అన్నీ తుడిచిపెట్టుకుపోవాలి. మరచిపోయి వెళ్లినా కొన్ని నిమిషాల్లో దానంతటదే జరగాలి. యంత్రాన్ని కాపాడటానికి పడే తాపత్రయంలో సగమైనా ఈ బిడ్డ మీద చూపరేం?

ఇది దానం కాదు. కర్ణాటకలో ఆస్తి పన్ను మీద 6 శాతం గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. అద్దె కట్టేవాడూ ఇంటి యజమాని ద్వారా దాన్ని కడుతూనే ఉన్నాడు.

యువతీయువకులారా, ఈ నెల మీ యువజన కూడికలో ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. మీ పేట వాళ్లు కంప్యూటరు మీద చేసుకోవలసిన పనులు అమ్మలను, అన్నలను అడిగి రాయండి. రాష్ట్ర భాషలో, తెలుగులో, ఇంగ్లీషులో పేర్లు పెట్టి గ్రంథాలయాధికారికి ఇచ్చి రశీదు తీసుకోండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి: ఈ కంప్యూటర్ల మెనూను ఎవరి ఆదేశంతో తయారు చేశారు, తెలుగు చేర్చాలా అని ఎవరినైనా అడిగారా?