మీట కన్నా దీపమే నయం

ఇంటికి కొత్త బండి వస్తే మీరు మొదట దేన్ని చూస్తారు? రంగునా, హారన్‌నా? ఈసారి ముందు పలక మీద ఉండే చిన్న మీటల్ని కూడా చూడండి. కొత్త కార్లలో ‘ఎకో’, ‘స్పోర్ట్’ అని రాసి ఉంటుంది. ఏథర్ వంటి విద్యుత్ స్కూటర్లలో ‘ఎకో’, ‘రైడ్’, ‘స్పోర్ట్’ అంటూ మూడు నాలుగు పద్ధతులు కనిపిస్తాయి. కొన్ని కొత్త ట్రాక్టర్లకూ ఇలాంటి మీట వచ్చింది. ఒకవైపు నొక్కితే పొదుపు, రెండోవైపు నొక్కితే శక్తి.

“ఈ మీట నొక్కండి, డీజిల్ మిగులుతుంది” అని అమ్మేవారు చెబుతారు. నిజంగా మిగులుతుందా? మిగిలితే ఎక్కడి నుంచి మిగులుతుంది? రుద్రూరు చుట్టుపక్కల ఊళ్లలో ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. నిజాంసాగర్ కాలువ కింద ఏటా రెండు పంటలు వేసే రైతుకు కరిగెట నుంచి వడ్లు తోలేదాకా ప్రతి పనిలోనూ డీజిల్ ఖర్చు ఉంటుంది. ఆ డబ్బు పంట చేతికి రాకముందే పెట్టాలి.

ముందు ఇంజను సంగతి తెలుసుకుందాం. ఒక లీటరు డీజిల్‌లో సుమారు 3 కోట్ల 60 లక్షల జౌళ్ల శక్తి ఉంటుంది. కరెంటు లెక్కలో చెప్పాలంటే పది యూనిట్లు. మామూలు ట్రాక్టరు ఇంజను అందులో సుమారు మూడో వంతును మాత్రమే తిరిగే శక్తిగా మార్చగలదు. మిగతాది వేడిగా పోతుంది. రేడియేటరు దగ్గర చెయ్యి పెట్టి చూడండి (దూరంగానే సుమా!), పొగగొట్టం దగ్గర నిలబడి చూడండి, మీకే తెలుస్తుంది. ఆ మూడో వంతు కూడా అన్నివేళలా రాదు. ఇంజను మరీ వేగంగా తిరిగితే పిస్టన్ల రాపిడికీ, పంపులూ ఫ్యానూ తిప్పడానికీ ఎక్కువ శక్తి పోతుంది. పని తక్కువై ఇంజను ఊరికే తిరిగితే కాలిన నూనెలో చాలా భాగం ఇంజను తనను తాను తిప్పుకోవడానికే సరిపోతుంది. ఊరికే నిలబడి తిరిగే ఇంజను చేసే ఉపయోగకరమైన పని సున్నా. ఓ మోస్తరు వేగంతో తిరుగుతూ, బరువు కాస్త గట్టిగానే పడినప్పుడే ఇంజను మంచి దక్షతతో పనిచేస్తుంది.

మరి ఎకో మీట ఏం చేస్తుంది? అది డీజిల్‌లో కొత్త శక్తిని పుట్టించదు. యాక్సిలరేటరు మీది కాలు ఒక మాట చెబుతుంది. మీట ఆ మాటను మెత్తపరిచి ఇంజనుకు చేరవేస్తుంది, అంతే. మీరు సగం తొక్కితే మూడో వంతు తొక్కినట్టు ఇంజను అనుకుంటుంది. తనంతట తానే గేర్లు మారే కారైతే పై గేరు త్వరగా పడుతుంది. కొన్నింటిలో ఏసీ జోరు కూడా తగ్గుతుంది. స్పోర్ట్ అంటే దీనికి తలకిందులు. కొంచెం తొక్కితే చాలు, బండి ఉరుకుతుంది. కింది గేరులోనే ఎక్కువసేపు ఉంటుంది. అందుకే ముందున్న బండిని దాటడం సులువవుతుంది, నూనె కూడా ఎక్కువ కాలుతుంది.

ఒక్కటి బాగా ఆలోచించండి. చదునైన రోడ్డు మీద, ఒకే గేరులో, గంటకు 50 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోతున్న కారుకు ఎకోలో ఎంత శక్తి కావాలో స్పోర్ట్‌లోనూ దాదాపు అంతే కావాలి. గాలికి ఏ మీట నొక్కామో తెలియదు కదా! మోటారుసైకిల్ వేగాన్ని 40 నుంచి 60కి పెంచితే గాలి ఎదురుతోపు రెండుంపావు రెట్లవుతుంది. ఆ ఎదురుతోపును దాటడానికి కావలసిన అశ్వశక్తి మూడు రెట్లు దాటుతుంది. తిరిగి 40కి దిగాలంటే మణికట్టును కాస్త ముందుకు తిప్పాలి. మీట ఆదా చేసేదంతా కాలూ చెయ్యీ చూపిన తొందరలోంచే వస్తుంది. తొందర లేని మనిషి నడిపితే మీటకు మిగిల్చే పని అంతగా ఉండదు.

ఇక ట్రాక్టరు దగ్గరికి వద్దాం. వెనక యంత్రాలను తిప్పే పీటీవో షాఫ్టు నిమిషానికి 540 సార్లు తిరగాలన్నది పాత లెక్క. మామూలు అమరికలో దానికోసం ఇంజను సుమారు రెండు వేల భ్రమణాలు చేయాలి. ‘ఎకానమీ పీటీవో’ ఉన్న ట్రాక్టరులో గేర్ల పళ్ల లెక్క మార్చి, ఇంజను సుమారు పదిహేను పదహారు వందల భ్రమణాలు చేసినా షాఫ్టు 540 తిరిగేట్టు చేశారు. ఇది మాటల పొదుపు కాదు, నిజమైన పొదుపే. మందు చల్లే పంపుకో, నీళ్లు తోడే పంపుకో ఇది చక్కగా సరిపోతుంది. పని తేలిక కాబట్టి ఇంజను తక్కువ వేగంతో హాయిగా లాగుతుంది.

అదే ట్రాక్టరుకు రోటవేటరు తగిలించి తడి రేగడిలోకి దించండి. బంకమట్టి బ్లేళ్లను పట్టుకుంటుంది. తక్కువ భ్రమణాల దగ్గర ఇంజనుకు అంత అశ్వశక్తి ఉండదు. గొంతు పూడుకుపోయినట్టు మూలుగుతుంది, నల్లటి పొగ వదులుతుంది. ఆ నలుపు పూర్తిగా కాలని బొగ్గే, అంటే మీ నాన్నగారు డబ్బిచ్చి కొన్న డీజిలే! ఎకరం పనికి పట్టే సమయమూ పెరుగుతుంది. ఇలాంటి చోట ‘శక్తి’ వైపు మీట నొక్కడమే పొదుపు. పేరులో పొదుపు ఉన్నంతమాత్రాన ప్రతి పనిలోనూ పొదుపు ఉండదు.

కరిగెటలో మీట కన్నా పెద్ద దొంగ మరొకటి ఉంది. చక్రం తిరుగుతుంది కాని బండి ముందుకు కదలదు, జారుతుంది. కేజీవీల్స్ కట్టేది దీనికోసమే. చక్రం పదిసార్లు తిరిగి ఏడుసార్లకు సరిపడా దూరమే పోతే మూడు తిరుగుళ్ల నూనె బురదలో కలిసినట్టే.

రోడ్డు మీది లోడు సంగతి ఒక లెక్కలో చూద్దాం. ట్రాక్టరు, ట్రాలీ, వడ్ల బస్తాలు కలిసి పది టన్నులు అనుకోండి. మంచి తారురోడ్డు మీద చక్రాల దొర్లుడు నిరోధం బరువులో సుమారు నూటికి రెండు వంతులు, అంటే 2,000 న్యూటన్లు. పది కిలోమీటర్లు లాగడానికి 2 కోట్ల జౌళ్లు కావాలి. లీటరు డీజిల్ శక్తిలో నాలుగో వంతు చక్రాల దాకా చేరుతుందనుకుంటే అది 90 లక్షల జౌళ్లు. కాబట్టి దాదాపు రెండుంబావు లీటర్లు ఖర్చవుతాయి. అదే మెత్తటి మట్టిబాట అయితే నిరోధం సులువుగా మూడింతలవుతుంది, ఖర్చు ఆరున్నర లీటర్లు దాటుతుంది. తారురోడ్డు మీద ఎకో మీట నూటికి పది వంతులు మిగిల్చిందనే అనుకుందాం, అది పావు లీటరైనా కాదు. పొలం బాట బాగుచేస్తే మిగిలేది నాలుగు లీటర్లు. రెండింటిలో దేన్ని అడగాలో మీరే చెప్పండి. టైర్లలో సరైన గాలి ఉంచడం కూడా ఈ జాతి పొదుపే, దానికి ఏ మీటా అక్కర్లేదు.

బోధన్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది. అంతకుముందు గానుగ కాలంలో చెరకు బండ్లు గేటు ముందు బారులు తీరేవి. ఇప్పుడు వరి కోతలప్పుడు కొనుగోలు కేంద్రాల దగ్గర ట్రాక్టర్లు అలాగే నిలబడుతున్నాయి. వరుస కదలదు, కొందరు ఇంజను ఆపరు. నిలబడ్డ ఇంజనుకు ఏ పొదుపు పద్ధతీ లేదు, తాళం తిప్పి ఆపడం తప్ప. కాలువ వంతెన దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే నూనె మిగులుతుందన్నది మరో నమ్మకం. గేరులోనే ఉంచి కాలు తీస్తే గవర్నరు డీజిల్‌ను దాదాపు ఆపేస్తుంది. న్యూట్రల్‌లో ఇంజను కొంత కాలుస్తూనే ఉంటుంది. పైగా నిండు ట్రాలీ వెనక నుంచి తోస్తుంటే బ్రేకులకు ఇంజను సాయం పోతుంది. ఇది ప్రాణాల మీదికి తెచ్చే పొదుపు.

ఇప్పుడు దీపం సంగతి. టీవీఎస్ వారి కొన్ని మోటారుసైకిళ్లలో, స్కూటర్లలో స్పీడోమీటరు దగ్గర ఒక చిన్న పచ్చదీపం ఉంటుంది. నిదానంగా పోతుంటే ‘ఎకానమీ’ అని వెలుగుతుంది. గట్టిగా తిప్పితే పచ్చదీపం ఆరిపోతుంది. ఈ దీపం ఇంజనును ఏమీ చేయదు. చేతికి జరిగింది చెబుతుంది, అంతే. నాకు మీట కన్నా ఈ దీపమంటేనే ఇష్టం. మీట మన బదులు తాను పనిచేస్తుంది, మనకేమీ నేర్పదు. దీపం చూసి చూసి ఒక నెలకు చేతికి ఆ అలవాటు వస్తుంది. ఆ తర్వాత దీపం లేని పాత బండినీ అలాగే నడుపుతాం. రైతుల దగ్గర ఉన్న ట్రాక్టర్లలో చాలా వాటికి మీట లేదు, దీపమూ లేదు. చెవి ఒక్కటే ఉంది. “గేరు పెంచు, రేజు తగ్గించు” అన్న మాట తెలిసిన డ్రైవరు తేలిక పనిలో చేత్తోనే ఎకో పద్ధతి తెచ్చుకోగలడు.

నమ్మకం కుదరకపోతే ఆర్టీసీని చూడండి. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో డిపోలలో డ్రైవరు వారీగా లెక్క కడతారు. సుమారు ఐదు కిలోమీటర్లు వచ్చే పెద్ద బస్సులో, అదే దారిలో, చెయ్యి మారితే లెక్క మారుతుంది. తక్కువ వచ్చినవారిని పిలిచి నేర్పుతారు. ఆ అంకె కూడా ఒక దీపమే.

కంపెనీలు మీటలు పెట్టవద్దని నేననను. కాని మీట పక్కన ‘ఏ పనికి’ అన్నది తెలుగులో రాయాలి. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి, ఏ బరువు దగ్గర ఎంత డీజిల్ కాలిందో పట్టికలు వేస్తుంది. ఆ పట్టికను షోరూములో గోడకు అంటిస్తే ‘సూపర్ మైలేజీ’ బొమ్మ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

అందాకా మీరే ఒక పట్టిక తయారు చేయండి. నడిపేది పెద్దలే, రాసేది మీరు. ట్యాంకు అంచుదాకా నింపించి, ఒకే మడిలో సగం పని ఒక పద్ధతిలో, మిగతా సగం రెండో పద్ధతిలో చేయించండి. ప్రతిసారీ మళ్లీ అంచుదాకా నింపడానికి ఎన్ని లీటర్లు పట్టిందో, ఎన్ని నిమిషాలైందో, పొగ ఏ రంగులో వచ్చిందో రాయండి. నింపేటప్పుడు ట్రాక్టరును రెండుసార్లూ ఒకే చదునైన చోట నిలపమనండి. ఏటవాలుగా నిలిపితే ట్యాంకు నిండకముందే నిండినట్టు కనిపించి లెక్కంతా తప్పుతుంది.