రంగూను బాటలో రాలినవారి లెక్క యేది?

దేశాంతరమున నాపదలో జిక్కిన ప్రజల నాదుకొనుట ప్రభుత్వమునకు దయాధర్మము కాదు, విధి. పన్ను గైకొను హక్కు గల దొరతనమునకు ఈ విధినుండి తప్పుకొను హక్కు లేదు. ఈ సామాన్యన్యాయమును పాలకులు విస్మరించుటచే తెలుగువారు 1942లో బర్మా బాటపై చెల్లించిన మూల్యము నేటికిని లెక్కకు రాలేదు.

భీమునిపట్టణము, కళింగపట్టణము, విశాఖపట్టణము, కాకినాడ రేవులనుండి మనవారు తరతరములుగా రంగూను ఓడ యెక్కిరి. నేడు అనకాపల్లి జిల్లాలో చేరిన మా చోడవరము నాడు భాగమైయుండిన విశాఖపట్టణము జిల్లా యీ వలసకు పెట్టినది పేరు. మేస్త్రీ యిచ్చిన బయానా సొమ్ము అప్పుగా మెడకు చుట్టుకొనగా, వారు రేవులో మూటలు మోసిరి, బియ్యపు మరలలో చెమటోడ్చిరి. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో పదిలక్షలకు మించి భారతీయులుండిరి. రంగూను నగరమున సగముకంటె నెక్కువమంది వారే.

ఇంతమందికి చట్టమిచ్చిన రక్షణ యెంత? 1922 నాటి వలస చట్టము సింహళమునకు, మలయాకు పోవు కూలీలను గూర్చి కొంత పట్టించుకొనెను. బర్మా అప్పటికి ఇండియాలో నొక రాష్ట్రమే గనుక, సముద్రము దాటినను మనవాడు చట్టము దృష్టిలో వలసపోయినవాడు కాడయ్యెను! 1930 మే నెలలో తెలుగు రేవుకూలీల సమ్మె వెంట రంగూనులో చెలరేగిన అల్లరులలో నూరుమందికి పైగా హతులైరి. అదియే చాలిన హెచ్చరిక. 1937లో బర్మా వేరుపడెను. 1941లో కుదిరిన ఒడంబడిక మనవారి రాకను కట్టడిచేయ దలపెట్టెనేగాని, ఆపద వచ్చిన వారెట్లు మరలవలెనో చెప్పలేదు.

1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడెను. 1942 మార్చి 8న నగరము శత్రువుల వశమయ్యెను. ఓడలో చోటు దొరకని నాలుగైదు లక్షలమంది అరకాను కొండలమీదుగా చిట్టగాంగునకు, తమూ మీదుగా మణిపురమునకు కాలినడకన బయలుదేరిరి. కలరా, మలేరియా, ఆకలి వారి వెంటనంటెను. తెల్లవారికొక త్రోవ, నల్లవారికొక త్రోవ యని దేశమెల్ల ఘోషించెను; నెహ్రూ మొదలగు నాయకులు తీవ్రముగ నాక్షేపించిరి. ఢిల్లీలో ప్రవాసభారతీయుల శాఖ యుండెను, దానికి అణేగారు సభ్యులుగ నుండిరి; కాని శాఖ యుండుట వేరు, శక్తి యుండుట వేరు.

చనిపోయినవారు పదివేలని కొందఱు, ఏబదివేలని కొందఱు, అంతకు మించినవారని మరికొందఱు వ్రాసిరి. సంఖ్యలలోని యీ వ్యత్యాసమే ప్రబలమైన సాక్ష్యము. ఎవ్వరును లెక్కింపలేదు. గోనెసంచులకు చిట్టా వ్రాసిన దొరతనము వానిని మోసినవారికి చిట్టా వ్రాయలేదు.

యుద్ధకాలమున అందఱిని గాపాడుట సాధ్యమా యని కొందఱు వాదింపవచ్చును. 1942 ఏప్రిలు 6న విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు పడిన ఆ నెలలోనే మదరాసు ప్రభుత్వము తన కచేరీలను లోపలి పట్టణములకు తరలించుకొనెను. తరలించు విద్య సర్కారుకు తెలియనిది కాదు. ఎవరిని తరలింపవలెననునదే ప్రశ్న.

స్వరాజ్యము వలన భేదము గలిగినమాట నిజము. 1964లో బర్మా ప్రభుత్వము దుకాణములను జాతీయముచేసి మనవారిని నిర్ధనులను జేసినపుడు మన ప్రభుత్వము ఓడలు పంపెను, వచ్చినవారికి నిలువనీడ చూపెను. విశాఖలోని బర్మా క్యాంపు పేరు అందుకు గుర్తు. అయినను 2024 మే నెలలో, కంప్యూటరు కొలువులని నమ్మి కంబోడియా చేరిన విశాఖ యువకులు సైబరు మోసగాండ్ర చెరలో జిక్కిన వార్త వెలువడెను. ఓడ విమానమయ్యెను, మేస్త్రీ ఏజంటయ్యెను. బయానా మాత్రము మారలేదు. పట్టుబడిన పిమ్మట పోలీసులు కదలిరి. పోకముందే కదలవలదా?

కావున మేము రెండు కోరుచున్నాము. విదేశములకు మనుష్యులను పంపుటకు అనుమతిగల ఏజంట్ల పట్టిక ప్రతి పంచాయతీ కచేరీ గోడపై తెలుగున నుండవలెను. 1942లో బర్మానుండి బయలుదేరి యిల్లు చేరనివారి పేర్లను ఊరూర సేకరించి ప్రభుత్వము ప్రకటింపవలెను. ఆ పేర్లెరిగిన ముదుసళ్లు నానాటికి తరిగిపోవుచున్నారు. సర్కారు కదలునందాక వేచియుండనేల? ప్రతి గ్రంథాలయమునందును నేడే యొక పుస్తకము తెరువుడు. ప్రజలు వ్రాసిన లెక్కను ప్రభుత్వము కాదనజాలదు.