కొలపాత్ర యెవరిచేతిలో నున్నది?

పట్టణపు బజారులో బియ్యమమ్ము చిన్నవర్తకుడు తన తూనికరాళ్లకు సర్కారు ముద్ర వేయించుకొనక వ్యాపారము చేయరాదు. రాయి తరుగైనచో నతడు శిక్షార్హుడు. ఇందులకై 2009లో కొత్త చట్టమే చేసికొంటిమి. కాని కోట్లకొలది జనులకు సెల్‌ఫోనుల ద్వారమున డేటావేగమును విక్రయించు మహావర్తకుల విషయమున కొనువాని చేతికందు ముద్రరాయి యేదియు లేదు. వారే యమ్ముదురు, వారే కొలుతురు, కొలత తగ్గినదని మొఱపెట్టినవానికి మొదటి జవాబును వారే చెప్పుదురు. ఇట్టి బేరము లోకమున మఱియొకటి కలదా?

‘మా ఫోనుల వేగము తనంతట తాను తగ్గుచున్నదా? ఎవరైన బుద్ధిపూర్వకముగ తగ్గించుచున్నారా?’ అని నేడు పఠనమందిరములలో పెక్కుమంది యడుగుచున్నారు. దీనిని వెఱ్ఱిసందేహమని త్రోసివేయుట తగదు. ఈ ప్రశ్నకు రెండు పాళ్లు కలవు. అందు మొదటిది సందేహమే కాదు, ఒప్పుకొన్న సంగతి.

దినమునకు 1.5 లేక 2 గిగాబైట్లని నిర్ణయించిన పథకములలో, ఆ మితి దాటినతోడనే వేగమును సెకనుకు 64 కిలోబిట్లకు కుదించుట మనదేశమున పరిపాటియై యున్నది. ఈ మాట చిన్నయక్షరములలో నుండును. ‘అన్‌లిమిటెడ్’ అను మాట పెద్దయక్షరములలో నుండును. 64 కిలోబిట్లన నేమి? రెండు మెగాబైట్ల ఛాయాచిత్ర మొక్కటి చేరుటకు నాలుగు నిమిషములకు పైగా పట్టును. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకొనుటకు సెకనుకు 2 మెగాబిట్ల వేగమైన నుండవలెనని 2023 జనవరిలో కేంద్రప్రభుత్వము నిర్ణయించినది. అందులో 31వ వంతునకు దింపి, ‘ఇంకను ఇచ్చుచునే యున్నాము’ అనుట, గంజితేట పోసి విందు పెట్టితిమనుట వంటిది. తీగద్వారా ఇంటికి వచ్చు బ్రాడ్‌బ్యాండ్ వేగమును, మితి దాటినను, 512 కిలోబిట్లకు తక్కువ చేయరాదని 2016లో ట్రాయ్ సంస్థ శాసించినది. ఇంటిలోని తీగకు గల రక్ష చేతిలోని ఫోనున కేల లేదు? తీగ పెట్టించుకొనలేని పేదవానికి చేతిఫోనే గదా దిక్కు!

రెండవపాలు చిక్కైనది. మితి దాటకమున్నే, సొమ్ము చెల్లించి కొన్న వేగము సన్నగిల్లుటను గూర్చినది. ఇందు న్యాయముగ మాటలాడవలెను. ఒక టవరునకు గల సామర్థ్యమును చుట్టుపట్ల నున్నవారందఱును పంచుకొందురు. రాత్రి ఎనిమిది గంటలకు వీథివీథియు చలనచిత్రములు చూడనారంభించినచో ఒక్కొక్కని వంతు తగ్గకతీరదు. దూరమును, గోడలును గూడ వేగమును హరించును. కావున ప్రతి మాంద్యమును కుట్రయనుట అవివేకము. కాని సహజమైన కొఱతకును, కల్పించిన కొఱతకును గల భేదము కొనువానికి కనబడదు. ట్రాయ్‌వారు 2016లో మైస్పీడ్ అను సాధనమును ప్రజలచేతి కిచ్చిరి. అది వేగమెంత వచ్చినదో చెప్పును. ఏల తగ్గినదో చెప్పజాలదు. ఆ ‘ఏల’ యనుదానికి జవాబు కంపెనీవారి యంత్రములలో నున్నది. జవాబెఱిగినవాడు మౌనము వహించినపుడు, ఎఱుగనివాడు అనుమానించుట నేరమా?

ఇట్టి యనుమానము నిజమగుటయు కలదని అమెరికా వృత్తాంతము చాటుచున్నది. ఏటీ అండ్ టీ కంపెనీ ‘అపరిమిత’మని యమ్మిన డేటాను 2011 నుండియు తగ్గించుచు వచ్చినదని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో వ్యాజ్యము వేసెను. 35 లక్షలమందికి వేగము కుదించిరనియు, కొందఱికి నూటికి 80, 90 పాళ్లు తగ్గినదనియు అభియోగము. తుదకు 2019లో కంపెనీ 6 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒడంబడి రాజీపడెను. 2018లో కాలిఫోర్నియా అడవులు తగులబడుచుండగా, మంటలార్పబోయిన శాంటాక్లారా జిల్లా అగ్నిమాపకదళమువారి వాహనమునకు వెరైజన్ కంపెనీ వేగమును 200వ వంతునకు కుదించెను. పిదప పొరపాటని యొప్పుకొనెను. రద్దీలేని యర్ధరాత్రి వేళలయందును అచటి కంపెనీలు చలనచిత్రముల వేగమును అణచుచున్నవని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018, 2019 సంవత్సరముల పరీక్షలవలన కనుగొనిరి. రద్దీయే కారణమైనచో, ఊరెల్ల నిద్రించువేళ నా యణచివేత యేల?

మనదేశముమాట యేమి? ఇచటి కంపెనీలపై నేరస్థాపన చేయుట మా యుద్దేశము కాదు. కాని వేగము ఆజ్ఞకు లోబడు వస్తువని మన యనుభవమే చెప్పుచున్నది. 2020 జనవరి మొదలు 2021 ఫిబ్రవరి 5 వఱకు జమ్మూకాశ్మీరమున అత్యధిక జిల్లాలలో ప్రభుత్వాజ్ఞవలన సెల్‌ఫోనుల వేగము 2జీ మేరకే నిలుపబడెను. ఆ యాజ్ఞయొక్క యుక్తాయుక్తములు వేఱుచర్చ. మీట యొకటి కలదనియు, దానిని త్రిప్పవచ్చుననియు మాత్రము తేలినది. అధికమూల్యమిచ్చిన వారికి అగ్రవేగమొసగుదుమని రెండు కంపెనీలు ప్రకటింపగా, అదే 2020 జూలైలో ట్రాయ్‌వారు వానిని నిలుపుడని చెప్పి, తక్కినవారి గతి యేమని ప్రశ్నించిరి. తగిన ప్రశ్నయే యడిగిరి. పంక్తిలో నొకని ముందునకు జరిపినపుడు మఱియొకడు వెనుకకు పోకుండునా?

కంపెనీల పక్షమువారు రెండు సమాధానములు చెప్పుదురు. ‘లోకములోనెల్ల చవుకగా డేటా దొరకుదేశములలో మనది యొకటి, చవుకబేరమున లోపములెన్న నేల?’ అనునది మొదటిది. చవుకగ నమ్మిన బియ్యమునకు తరుగు తూకము చెల్లునా? ‘ఇవి మన స్వదేశసంస్థలు, వీనిని నిందించుట దేశమునకే కీడు’ అనునది రెండవది. స్వదేశివ్రతము పరుల దోపిడిని మాన్పుటకే గాని, దోపిడిని స్వదేశీయము చేయుటకు గాదు. మఱియు ఈ వేగము ప్రవహించు తరంగములు ప్రజల సొత్తని 1995లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది. ప్రజల సొత్తును కౌలునకు పుచ్చుకొన్నవారు ప్రజలకు లెక్క చెప్పుట దయాధర్మము కాదు, విధి.

కావున నేరమును నిరూపింపుమని కొనువానిని నిర్బంధించుట మానవలెను. నిర్దోషిత్వమును కనబఱచు భారము అమ్మువానిపై నుండవలెను. పథకముయొక్క వెలను అచ్చువేసినంత యక్షరములతోనే, మితి దాటినపిదప మిగులు వేగమును ప్రకటింపవలెను. కంపెనీ తనంత తాను వేగమును తగ్గించిన ప్రతిపర్యాయమును, తగ్గించిన గడియయు కారణమును ఖాతాదారునకు తెలుపవలెను. ప్రతి టవరునందలి రద్దీలెక్కలను ట్రాయ్ నియమించిన పరీక్షకులు తనిఖీచేసి, సామాన్యునకు బోధపడునట్లు వెల్లడింపవలెను. ఇంటితీగకు విధించిన కనీసవేగము వంటిది చేతిఫోనునకును విధింపవలెను. ఇందు ఏయొక్కటియు అసాధ్యము కాదు. నిజాయితీగల వ్యాపారమునకు నష్టకరమును కాదు.

పాఠములు, పైరుధరలు, రైలుటిక్కెట్లు, బ్యాంకులెక్కలు సర్వమును నేడు ఆ చిన్నయంత్రము గుండనే నడుచుచున్నవి. దాని వేగము తగ్గినచో బీదవిద్యార్థి పాఠము తగ్గును, రైతునకు బేరము తప్పును. పాఠకులారా! మీ ఫోను మందగించిన దినమును, వేళను, కొలతను ఒక కాగితముపై వ్రాసియుంచుడు. పఠనమందిరములందు వానిని ప్రోగుచేసి, ట్రాయ్‌వారికిని, మీ పార్లమెంటు సభ్యులకును పంపుడు. కొలపాత్ర కొనువానికిని కనబడుదాక ఈ ప్రశ్నను విడువకుడు.